ప్రతి చెకప్‌కీ బరువు చూడటం అవసరమా? వద్దని చెప్పొచ్చా?

చిరుమువ్వ
నాకు ఇప్పుడు ఆరో నెల, మొదటి కాన్పు. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ డాక్టరు గారి గదిలోకి పంపేముందు బరువు చూస్తారు. మెషిన్ పెట్టింది వరండాలో, అందరూ కూర్చునే కుర్చీలకి ఎదురుగా. సిస్టర్ అంకె చూసి, అవతల టేబుల్ దగ్గర రాసుకునే ఆవిడకి వినపడాలని గట్టిగా చదువుతుంది. ఇక అక్కడున్న వాళ్లందరికీ నా బరువు తెలిసిపోయినట్టే. పోయినసారికి నాలుగు వారాల్లో 3 కిలోలు పెరిగాను. "ఇలా పెరుగుతూ పోతే నార్మల్ డెలివరీ కష్టమమ్మా" అనేసి తర్వాతి వాళ్లని పిలిచింది. లోపల డాక్టరు గారు బీపీ చూశారు, బిడ్డ గుండె చప్పుడు వినిపించారు, అంతా బాగుందన్నారు. బరువు గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు.

నాకు మాత్రం అప్పట్నుంచీ సిస్టర్ అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. ఈసారి చెకప్ రోజు పొద్దున్న ఏమీ తినకుండా వెళ్దామనుకుంటున్నాను. అసలు ప్రతిసారీ బరువు చూసి ఏం తెలుసుకుంటారు? వద్దని చెప్తే కోప్పడతారా?

ఏడో_నెల
మా హాస్పిటల్ వరండానే కళ్లకి కట్టింది. చెప్పులు, వాచీ, తాళాలు అన్నీ మా ఆయన చేతిలో పెట్టి మెషిన్ ఎక్కుతాను. పోయినసారి జడ క్లిప్పు తీస్తుంటే ఆయన నోరెత్తకుండా రెండో చెయ్యి కూడా చాచాడు.

సగం_నిద్ర
ఎక్కగానే ఊపిరి బిగబట్టేది నేనొక్కదాన్నేనా?

ఏడో_నెల
@సగం_నిద్ర కాదు, మనం చాలామందిమి ఉన్నాం. హాయిగా ఊపిరి తీసుకోండి, దానివల్ల అంకె మారదు.

లెక్కల_టీచర్
చిరుమువ్వ గారూ, 3 కిలోలు అనగానే అదంతా ఒంటికి పట్టిన కొవ్వు అనుకుంటున్నారు. నెలలు నిండేసరికి పెరిగే బరువు ఎక్కడెక్కడికి పోతుందో చూడండి. బిడ్డ 3 కిలోలు, ఇంకొంచెం. మాయ ముప్పావు కిలో దాకా. ఉమ్మనీరు కిలోకి కాస్త తక్కువ. గర్భసంచి తానే పెరిగి ఇంకో కిలో. రొమ్ములు అర కిలో. అదనంగా తయారయ్యే రక్తం కిలోన్నర దాకా, ఒంట్లో నిలిచే నీరు ఇంకో కిలోన్నర. మిగిలిన 3 కిలోల పైచిలుకు కొవ్వు. అది పాలిచ్చే రోజుల కోసం శరీరం దాచుకునేది. అన్నీ కలిపితే 12 కిలోల దగ్గరికి వస్తుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆరో నెలలో బిడ్డ బరువు 600, 700 గ్రాములే ఉంటుంది. అయినా తల్లి అప్పటికే ఐదారు కిలోలు పెరిగి ఉంటుంది. రక్తం, నీరు, కొవ్వు ముందు చేరతాయి. బిడ్డ బరువు ఎక్కువగా చివరి మూడు నెలల్లో పుంజుకుంటుంది. కాబట్టి "బిడ్డ ఇంత చిన్నగా ఉంటే నేనెందుకు ఇంత పెరిగాను" అని బెంగపడక్కర్లేదు.

చిరుమువ్వ
@లెక్కల_టీచర్ ఇలా ఎవరూ విడదీసి చెప్పలేదండి. రక్తం కూడా బరువు పెరుగుతుందని తట్టనే లేదు. కానీ నెలకి ఎంత పెరిగితే సరి?

లెక్కల_టీచర్
అది గర్భం రాకముందు మీరు ఉన్న బరువుని బట్టి. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన పట్టికనే చాలాచోట్ల వాడతారు. బీఎంఐ అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. అది 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్లు మొత్తం మీద 12.5 నుంచి 18 కిలోలు పెరగొచ్చు. 18.5 నుంచి 24.9 వరకు ఉంటే 11.5 నుంచి 16. అక్కడి నుంచి 29.9 వరకు ఉంటే 7 నుంచి 11.5. 30 దాటితే 5 నుంచి 9.

మొదటి మూడు నెలల్లో ఎవరికైనా మొత్తం కలిపి అర కిలో నుంచి 2 కిలోల లోపే. ఆ తర్వాత మధ్యరకం బీఎంఐ ఉన్నవాళ్లకి వారానికి సగటున 420 గ్రాములు, అంటే నాలుగు వారాలకి 1.7 కిలోలు. మీ 3 కిలోలు సగటు కంటే ఎక్కువే, దాచడం ఎందుకు. కానీ దానికి ముందు నెల ఎంత పెరిగారు? ఆ నెల తక్కువగా ఉంటే రెండూ కలిపి సరిపోతుంది.

ఇంకో సంగతి. ఆసియా దేశాల వాళ్లకి బీఎంఐ 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. 2009 పట్టికలో ఆ తేడా చూపలేదు. 23కీ 25కీ మధ్య ఉన్నవాళ్లు ఏ వరస చూసుకోవాలో డాక్టరుని అడగడం మంచిది.

చిరుమువ్వ
అంతకు ముందు నెల అర కిలోనే పెరిగాను! అప్పటిదాకా వేవిళ్లు తగ్గలేదు. మొదట్లో నా బరువు 52, ఎత్తు 156 సెంటీమీటర్లు.

లెక్కల_టీచర్
మీ బీఎంఐ 21.4. రెండు నెలలకి కలిపి 3.5 కిలోలంటే సగటున నెలకి 1.75. అందులో కంగారు పడేంత ఏముంది?

నైట్‌డ్యూటీ_నర్సు
ప్రసూతి వార్డులో పనిచేస్తాను కాబట్టి అవతలి వైపు నుంచి చెప్తాను. ముందు ఒక మాట. వరండాలో అంకె గట్టిగా చదవడం తప్పు. రోగి వివరాలు పదిమందిలో చెప్పకూడదని మాకు ట్రైనింగ్‌లోనే నేర్పుతారు. రద్దీ ఎంత ఉన్నా అది సాకు కాదు. ఒక నెల బరువు చూసి నార్మల్ డెలివరీ అవుతుందో లేదో చెప్పడం ఇంకా పెద్ద తప్పు. మొత్తం మీద బరువు బాగా ఎక్కువ పెరిగిన వాళ్లలో పెద్ద బిడ్డ పుట్టడం, సిజేరియన్ అవసరం పడటం ఎక్కువే, అది నిజం. కానీ ఆరో నెలలో ఒక్క అంకె పట్టుకుని ఎవరి కాన్పు ఎలా అవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక బరువు ఎందుకు చూస్తామంటారా. మొదటిసారి ఎత్తు, బరువు చూసేది బీఎంఐ కోసం. షుగరు పరీక్ష ముందుగా చేయాలా, రక్తం గడ్డకట్టే ముప్పు ఎవరికి ఎక్కువ, ఇలాంటివి దాన్ని బట్టే తేల్చుకుంటాం. ఆ తర్వాత నెలనెలా చూసేది ముఖ్యంగా పోకడ కోసం. తగ్గుతూ పోతుంటే తిండి నిలవడం లేదా, బిడ్డ పెరుగుతోందా అని చూస్తాం. ఉన్నట్టుండి పెరిగితే నీరు పడుతోందా, ఉమ్మనీరు ఎక్కువైందా అని చూస్తాం. మందుల సంగతి కూడా ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ రకం ఇంజెక్షన్ల మోతాదు బరువుని బట్టే వేస్తారు. కాన్పు సమయంలో మత్తు డాక్టరు కూడా మొదట అడిగేది ఇదే.

పొద్దున్న తినకుండా మాత్రం వెళ్లకండి. క్యూలో కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లని చూశాను. పైగా ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉంటే మూత్రంలో కీటోన్లు (తిండి లేక ఒళ్లు కొవ్వుని వాడుకుంటే వచ్చేవి) కనపడి లేని అనుమానాలు మొదలవుతాయి. పరగడుపున రమ్మని డాక్టరే చెప్తే తప్ప తినే వెళ్లండి. ఎక్కేముందు బాత్రూమ్‌కి వెళ్లి రండి, దానికే 300 నుంచి 500 గ్రాములు తేడా వస్తుంది. వీలైతే ప్రతిసారీ ఒకే మెషిన్ మీద, కాస్త ఒకేలాంటి బట్టల్లో చూపించుకోండి. ఒకే రోజులో పొద్దుటికీ సాయంత్రానికీ కిలో దాకా తేడా ఉండటం మామూలే.

సూటిమాట
అందరూ ఓదార్చేస్తున్నారు కానీ ఆ సిస్టర్ అన్నదాంట్లో అబద్ధమేముంది? బరువు ఎక్కువ పెరిగితే షుగరు, బీపీ, పెద్ద బిడ్డ. చెప్పకపోతే చెప్పలేదంటారు, చెప్తే నొచ్చుకుంటారు. నేను కాన్పు మొత్తానికి 6 కిలోలే పెరిగాను. "ఇద్దరి కోసం తిను" అన్నవాళ్ల మాట వినలేదు. బిడ్డ పుష్టిగా పుట్టింది, నేను వారం తిరక్కుండా లేచి తిరిగాను. కాస్త అదుపులో ఉంటే తప్పేంటి?

రెండోసారి
@సూటిమాట మీరు మొదలుపెట్టినప్పుడు బీఎంఐ ఎంత?

సూటిమాట
31.

రెండోసారి
అయితే 5 నుంచి 9 కిలోల వరసలో మీ 6 సరిగ్గా సరిపోయింది. మీ డాక్టరు మీకు సరైన సలహానే ఇచ్చారు, మీరూ బాగా పాటించారు. కానీ బీఎంఐ 21 ఉన్న చిరుమువ్వ అదే 6 కిలోల దగ్గర ఆగిపోతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టొచ్చు, నెలలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పు కూడా పెరుగుతుంది. ఒకరికి కుదిరిన లెక్క ఇంకొకరికి చెప్పకూడదు.

సూటిమాట
అది ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పేది వేరే. ఊరికే సముదాయించి పంపేస్తే రేపు షుగరు వచ్చినప్పుడు బాధపడేది తనే. నాతో డాక్టరు తలుపు వేసి, కూర్చోబెట్టి, పట్టిక చూపించి చెప్పారు. నాకు కోపం రాలేదు, మేలే జరిగింది.

ఏడో_నెల
తలుపు వేసి, కూర్చోబెట్టి. మేం అడుగుతున్నదీ అదేనండి.

సన్నగాలి
నాది దీనికి తిరగేసిన బాధ. మొదటి నుంచీ సన్నం, బీఎంఐ 17.8. ఎనిమిదో నెల వచ్చినా చూసినవాళ్లంతా "నీకు పొట్టే లేదే, అదృష్టవంతురాలివి" అంటారు. మెచ్చుకుంటున్నామనుకుంటారు. నేను ఇంటికొచ్చి బిడ్డ సరిగ్గా పెరుగుతోందో లేదో అని ఏడుస్తాను. మెషిన్ ఎక్కినప్పుడు అందరూ తక్కువ రావాలని కోరుకుంటారు, నేను ఎక్కువ రావాలని కోరుకుంటాను. గత నెల 2 కిలోలు పెరిగితే మా డాక్టరు గారు చిన్నగా చప్పట్లు కొట్టారు.

సగం_నిద్ర
@సన్నగాలి ఇక్కడి నుంచి నావీ చప్పట్లు.

వానచినుకు
చిరుమువ్వ గారి రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను. వద్దని చెప్పొచ్చు. నేను చెప్పాను.

కాలేజీ రోజుల్లో నాకు తిండి జబ్బు ఉండేది. తినడం మానేయడం, తింటే కక్కేయడం, రోజూ పొద్దున్న మెషిన్ ఎక్కడం. బయటపడటానికి చాలాకాలం పట్టింది. కౌన్సెలర్ సలహా మీద ఇంట్లో మెషిన్ తీసేశాం, నా బరువు ఎంతో తెలుసుకోకుండానే హాయిగా బతికాను. గర్భం అని తెలిసిన సంతోషం పక్కనే ఈ భయం మొదలైంది. నెలనెలా అంకె చెప్తారు, నేను మళ్లీ ఆ లెక్కల్లో పడతాను అని.

మొదటి చెకప్‌లోనే డాక్టరు గారికి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మాకు అంకె కావాలి, మీకు తెలియాల్సిన పని లేదు" అన్నారు. ఫైలు అట్ట లోపలి వైపు ఎర్ర పెన్నుతో "బరువు పైకి చెప్పకూడదు" అని రాశారు. అప్పట్నుంచీ నేను మెషిన్ మీద వెనక్కి తిరిగి నిలబడతాను. అంకె వెలిగేది నా వీపు వెనక. నా ఎదురుగా గోడ, దాని మీద టీకాల పట్టిక. ఇప్పుడా పట్టిక నాకు కంఠతా వచ్చేసింది. సిస్టర్ చూసి, రాసుకుని, "దిగండమ్మా" అంటుంది. అంతే. కాన్పు అయ్యేలోపు ఏదైనా కంగారుపడాల్సింది ఉంటే మా ఆయనకి కాకుండా నాకే చెప్పాలని, అంకె లేకుండా "పెరగాల్సినంత పెరగట్లేదు" అని మాటల్లో చెప్పాలని ముందే అనుకున్నాం.

ఇలాంటి గతం ఉన్నవాళ్లు దయచేసి దాచుకోవద్దు. సిగ్గుపడాల్సిందేమీ కాదు. డాక్టరుకి తెలిస్తే తిండి, మనసు రెండూ చూసుకుంటారు.

చిరుమువ్వ
వెనక్కి తిరిగి నిలబడొచ్చని నాకు తెలియదు. వానచినుకు గారూ, ఇంత మనసు విప్పి రాసినందుకు చాలా థాంక్స్ అండి.

నైట్‌డ్యూటీ_నర్సు
@వానచినుకు మీ డాక్టరు చేసినదే సరైన పద్ధతి. జబ్బు చరిత్ర లేకపోయినా ఎవరైనా అడగొచ్చు. ఎక్కేముందే "సిస్టర్, అంకె పైకి చదవొద్దు, కార్డులో రాయండి చాలు" అంటే సరిపోతుంది. దానికి కారణం చెప్పక్కర్లేదు. వరండాలో కాకుండా లోపల చూడమని అడిగే హక్కు కూడా మీకుంది. పూర్తిగా వద్దనుకున్నా బలవంతం చేయలేరు. కాకపోతే అప్పుడు "ఎందుకు వద్దంటున్నాను" అన్నది డాక్టరుతో మాట్లాడుకోండి, బదులుగా ఏం చూడాలో వాళ్లు చెప్తారు.

పాత_మెంబర్
ఈ బరువు గొడవ ఇవాళ్టిది కాదు. గత శతాబ్దం మధ్యలో పాశ్చాత్య దేశాల డాక్టర్లు గర్భిణులని చాలా కట్టడి చేసేవాళ్లు. బరువు ఎక్కువ పెరిగితే బీపీ, ఫిట్స్ వస్తాయని నమ్మి, 7, 8 కిలోలు దాటనివ్వకుండా తిండి తగ్గించమనేవాళ్లు. చిన్న బిడ్డ అయితే కాన్పు సులువని కూడా అనుకున్నారు. 1970లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక వచ్చాక మాట మారింది. అంత కట్టడి మంచిది కాదు, 9 నుంచి 11 కిలోల దాకా పెరగాలి అని అందులో చెప్పారు. 1990లో తల్లి మొదటి బరువుని బట్టి వేర్వేరు హద్దులు పెట్టారు. లెక్కల_టీచర్ గారు ఇచ్చిన 2009 పట్టిక దాన్ని సవరించి వేసిందే.

బ్రిటన్‌లో ఇంకో దారి పట్టారు. అక్కడ నైస్ అనే సంస్థ 2010లో ఇచ్చిన సూచనల్లో, గర్భిణులని అలవాటుగా మాటిమాటికీ బరువు చూడొద్దని, వైద్యంలో ఏదైనా మారేదుంటేనో, పోషణ గురించి అనుమానం ఉంటేనో చూడమని చెప్పింది. మొదటి చెకప్‌లో ఎత్తు, బరువు మాత్రం చూస్తారు. అంటే నెలనెలా చూడటం అన్నిచోట్లా ఒకేలా పాటించే నియమం కాదు. "వద్దంటే బిడ్డకి ఏమైపోతుందో" అని భయపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలని చెప్తున్నాను.

ఆకుపచ్చ_గొడుగు
బ్రిటన్ సంగతి నాకు తెలియదు కానీ, నన్ను కాపాడింది మాత్రం ఆ మెషినే. 33వ వారం. వారం కిందే చెకప్‌కి వెళ్లొచ్చాను. ఉంగరం బిగుసుకుపోయింది, సబ్బు రాసినా వేలి నుంచి రాలేదు. పొద్దున్న లేస్తే కళ్ల కింద ఉబ్బి మొహం వేరేవాళ్లదిలా ఉండేది. ఎండలకి అనుకున్నాం. వేరే పని మీద హాస్పిటల్‌కి వెళ్తే సిస్టర్ ఊరికే మెషిన్ ఎక్కించింది. వారంలో రెండున్నర కిలోలు. ఆవిడ మొహం మారిపోయింది. వెంటనే బీపీ చూస్తే 150/100. మూత్రంలో ప్రోటీన్. ఆ రోజే అడ్మిట్ చేశారు. బరువు చూడొద్దని సలహా ఇచ్చేవాళ్లు నాలాంటి వాళ్ల గురించి కూడా ఆలోచించాలి.

పాత_మెంబర్
@ఆకుపచ్చ_గొడుగు మీరూ బిడ్డా క్షేమం కదా? చూడొద్దని నేను అనలేదమ్మా. వద్దన్నంత మాత్రాన కొంప మునగదని చెప్పాను.

ఆకుపచ్చ_గొడుగు
ఇద్దరం బాగున్నాం. బాబు నెల ముందే పుట్టాడు, ఇప్పుడు ఇల్లంతా పాకుతున్నాడు.

నైట్‌డ్యూటీ_నర్సు
ఆకుపచ్చ_గొడుగు గారిది ప్రీఎక్లాంప్సియా. పెద్దవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్స్ దాకా పోకముందు దశ. 20వ వారం దాటాక ఎప్పుడైనా రావచ్చు. ఇక్కడ ఒక్కటి స్పష్టంగా చెప్పాలి. జబ్బుని పట్టించింది బీపీ, మూత్ర పరీక్ష. బరువు వాటి వైపు వేలు చూపించింది, అంతే. బరువు ఏమీ పెరగకుండానే ప్రీఎక్లాంప్సియా వచ్చిన వాళ్లున్నారు. బరువు గబగబా పెరిగినా బీపీ మామూలుగా ఉన్నవాళ్లు ఇంకా చాలామంది. అందుకే బరువు వద్దన్నా ఒప్పుకుంటాం కానీ బీపీ, మూత్రం ఏ చెకప్‌లోనూ వదలనివ్వం.

అలాగే తర్వాతి చెకప్ దాకా ఆగకూడని గుర్తులు రాసిపెట్టుకోండి. మొహం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, మాత్ర వేసుకున్నా పోని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే వెళ్లి బీపీ చూపించుకోండి. సాయంత్రానికి పాదాలు కాస్త వాచి, పడుకుంటే తగ్గిపోవడం వేరు. అది చాలామందికి ఉండేదే.

వేవిళ్ల_బాధితురాలు
నా మాట కూడా వినండి. నాకు మూడో నెల దాకా మంచినీళ్లు కూడా నిలవలేదు. "అందరికీ ఉండేదే, ఓర్చుకో" అని ఇంట్లో అన్నారు. హాస్పిటల్‌లో కూడా మొదట అదే మాట. మెషిన్ ఎక్కిస్తే 58 నుంచి 54కి వచ్చేశాను. అప్పుడు గానీ డాక్టరు నా మాట నమ్మలేదు. మొదటి బరువులో నూటికి 5 వంతుల కంటే ఎక్కువ పోతే అది మామూలు వేవిళ్లు కాదు, వైద్యం కావాలి అన్నారు. సెలైన్ పెట్టి, వాంతులు ఆగే మందు ఇచ్చి పంపారు. ఆ అంకె లేకపోతే నేను ఇంకా "ఓర్చుకో" దగ్గరే ఉండేదాన్ని.

సూటిమాట
@వేవిళ్ల_బాధితురాలు మీ మాట నమ్మడానికి మెషిన్ కావాల్సి వచ్చిందంటే, అది మాత్రం బాధగా ఉంది.

వేవిళ్ల_బాధితురాలు
నాకూ అదే బాధ. అయినా నా పక్షాన నిలబడిందని ఆ మెషిన్ మీద కోపం రావట్లేదు.

కవలల_తల్లి
కవలలున్న వాళ్లు పైన ఇచ్చిన పట్టిక చూసుకోకండి. మనకి వేరే లెక్క. మధ్యరకం బీఎంఐ అయితే 17 నుంచి 25 కిలోలు. నాకు తెలియక ఏడో నెలలో సగం తిండి మానేయబోయాను, డాక్టరు కోప్పడి ఆపారు.

నాన్న_కాబోతున్నా
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఆవిడకి ఐదో నెల. చెకప్ ముందు రాత్రి నిద్రపోదు, కారణం ఈ బరువే. రోజూ ఇంట్లోనే చూసుకుంటే హాస్పిటల్‌లో భయం పోతుందని మెషిన్ కొందామనుకుంటున్నాను. మంచి ఆలోచనేనా?

వానచినుకు
రోజూ వద్దండి. రోజూ చూస్తే నీటి హెచ్చుతగ్గులకే మనసు ఊగిపోతుంది. ముందు ఆమెకి మెషిన్ కావాలేమో అడగండి. వద్దంటే కొనకండి.

రెండోసారి
@నాన్న_కాబోతున్నా మెషిన్ కంటే ముందు చెకప్‌కి తోడు వెళ్లండి. "అంకె గట్టిగా చదవొద్దు" అని ఆమె చెప్పలేకపోతే మీరు చెప్పండి. లోపలికి వెళ్లాక "బరువు ఎలా ఉంది, మేం ఏమైనా మార్చుకోవాలా" అని డాక్టరునే అడగండి. నా మొదటి కాన్పులో మా ఆయన బయటే కూర్చున్నాడు. రెండోసారి లోపలికి వచ్చి, డాక్టరు చెప్పింది పుస్తకంలో రాసుకున్నాడు. ఇంటికొచ్చాక "నన్ను అన్నారు" అని నేను కుమిలిపోతుంటే, "అనలేదు, ఇదిగో ఇలా చెప్పారు" అని చదివి వినిపించేవాడు. ఆ తోడు చాలా పెద్దది. ఇంకోటి, ఆమె తినే కంచం వైపు చూసి "ఇది తినొచ్చా" అని మాత్రం ఎప్పుడూ అనకండి.

నాన్న_కాబోతున్నా
మెషిన్ ఆలోచన మానేశాను. రాసుకోవడం రేపటి నుంచే మొదలుపెడతాను.

సగం_నిద్ర
ఇద్దరి కోసం తినాలి అంటారు కదా, అసలు ఎంత ఎక్కువ తినాలి?

లెక్కల_టీచర్
మొదటి మూడు నెలల్లో అదనంగా ఏమీ అక్కర్లేదు. నాలుగో నెల నుంచి రోజుకి సుమారు 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో 450 అని అమెరికా లెక్క. అంటే ఇంకో చిన్నపాటి పూట భోజనం. ఇంకో మనిషి భోజనం కాదు. తిండి రెట్టింపు చేయనక్కర్లేదు, భయపడి తగ్గించనూ కూడదు.

చిరుమువ్వ
ఇవాళ చెకప్‌కి వెళ్లొచ్చాను. తినే వెళ్లాను. మెషిన్ దగ్గరికి రాగానే నైట్‌డ్యూటీ_నర్సు గారు చెప్పిన మాట అలాగే అన్నాను. సిస్టర్ ఒక్క క్షణం నా వైపు చూసి, "సరేనమ్మా" అని కార్డులో రాసేసింది. నా వెనకున్న అమ్మాయి కూడా "నాది కూడా చదవకండి" అంది! లోపల డాక్టరు గారిని అడిగితే కార్డులో అంకెలన్నీ వరసగా చూపించి, మీరు పెరగాల్సిన దారిలోనే పెరుగుతున్నారు అన్నారు. షుగరు పరీక్ష ఎలాగూ 24 నుంచి 28 వారాల మధ్య అందరికీ చేస్తారట, వచ్చేవారం రమ్మన్నారు. వరండాలో మెషిన్ సంగతి కూడా చెప్పాను. లోపలికి మార్పిస్తానన్నారు, చూడాలి.

ఏడో_నెల
ఆ వెనక అమ్మాయికి కూడా నా తరఫున థాంక్స్ చెప్పండి.

తొమ్మిది_నిండాయి
నాకో సందేహం. నాకు 37వ వారం. రెండు వారాలుగా బరువు ఏమీ పెరగలేదు, ఈసారి 300 గ్రాములు తగ్గింది కూడా. సిస్టర్ రాసుకుంది కానీ ఏమీ అనలేదు. బిడ్డ పెరగడం ఆగిపోయిందా?

రెండోసారి
నాకు రెండు కాన్పుల్లోనూ చివర్లో ఇలాగే ఆగింది. ఆకలి తగ్గుతుంది, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయినట్టుంటుంది.

నైట్‌డ్యూటీ_నర్సు
చివరి వారాల్లో బరువు ఆగడం, కాస్త తగ్గడం చాలామందికి ఉంటుంది. ఉమ్మనీరు కూడా మెల్లగా తగ్గే సమయం అది. తల్లి బరువు ఆగినంత మాత్రాన బిడ్డ ఆగినట్టు కాదు. బిడ్డ సంగతి తెలిసేది పొట్ట కొలత వల్ల, స్కానింగ్ వల్ల, కదలికల వల్ల. టేపుతో పొట్ట కొలిచి వారాలతో పోల్చి చూస్తారు కదా, ఆ కొలత ఎంత వచ్చిందో అడగండి. తక్కువ ఉంటే స్కాన్ రాస్తారు. స్కాన్‌లో చెప్పే బిడ్డ బరువు కూడా నూటికి పది, పదిహేను వంతులు అటూ ఇటూ ఉండొచ్చు, ఆ అంకెకి కూడా కంగారు పడకండి.

కానీ కదలికలు ఎలా ఉన్నాయి? రోజూ ఉండేదాని కంటే తగ్గాయనిపిస్తే రేపటి దాకా ఆగొద్దు. రాత్రయినా సరే ఇప్పుడే వెళ్లండి.

తొమ్మిది_నిండాయి
కదలికలు ఎప్పటిలాగే ఉన్నాయండి, ఇది టైప్ చేస్తుంటే కూడా పక్కటెముకల కింద తంతోంది. పోయినసారి టేపుతో కొలిచారు, ఎంతో చెప్పలేదు. రేపు ఫోన్ చేసి అడుగుతాను.